నియమభంగము – పునరారంభము

ఆహారనియమమును, వ్యాయామమును చేపట్టువారు అనేకులు; కొనసాగించువారు కొందరు; ఒకసారి తప్పిన పిమ్మట మరల చేపట్టువారు మిక్కిలి అరుదు. వైద్యుని హెచ్చరికపై ఒక గృహస్థుడు ప్రాతఃకాలమున నడక మొదలిడును; తీపి మానును; అన్నము తగ్గించును. రెండు మాసములు చక్కగా జరుగును. ఇంతలో జ్వరమో, ప్రయాణమో, ఇంట పెండ్లియో వచ్చును. పది దినములు నియమము తప్పును. పదునొకండవ దినమున శరీరము లేవగలదు గాని మనస్సు లేవదు. ఇది తనకు సాధ్యము కాదని తీర్మానించుకొని అతడు పూర్వపు అలవాటులకే మరలును. అతనిని ఓడించినది పది దినముల లోపము కాదు. పదునొకండవ దినపు నిరాశ.

ఇది కేవలము దేహమునకు సంబంధించిన విషయమని తలపరాదు. పతంజలి మహర్షి యోగమునకు తొమ్మిది విఘ్నములను పేర్కొనెను. వానిలో మొదటిది వ్యాధి. చివరిది, పొందిన స్థితియందు నిలువలేక జారిపోవుట. రోగమును, జారుపాటును ఆయన ఒకే వరుసయందు ఉంచుట గమనింపదగినది. గీతయందును ఆరవ అధ్యాయముననే ఆహారవిహారముల మితమును గూర్చిన బోధ గలదు. శ్రద్ధ యుండియు మార్గమున జారినవాని గతి యేమని అర్జునుడు ప్రశ్నించుటయు అచ్చటనే గలదు. శుభమార్గమున నడచినవాడు చెడిపోవుట లేదనియు, విడిచినచోటినుండి అతని ప్రయాణము మరల సాగుననియు భగవానుడు అభయమొసంగెను. జన్మాంతరములకే వర్తించు ఈ అభయము పది దినముల విరామమునకు వర్తింపదా?

నేడు ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయ్‌పూర్ నగరమున బూఢా తాలాబు అను పురాతన తటాకము గలదు. దానికి వివేకానంద సరోవరమను పేరును గలదు. దాని నడుమ స్వామి వివేకానందుని విగ్రహము నెలకొనియున్నది. పదునాలుగేండ్ల నరేంద్రుడు 1877లో తండ్రియైన విశ్వనాథదత్తునితో నివసించుటకు కలకత్తానుండి ఈ ఊరికి వచ్చెను. ప్రయాణములో కొంతభాగము ఎడ్లబండిపై అడవులగుండ సాగెను. ఆనాడు రాయ్‌పూరున తగిన పాఠశాల లేదు. చదువు ఆగెను. కలకత్తాయందలి వ్యాయామశాలయు దూరమయ్యెను. తండ్రియే గురువయ్యెను, సంభాషణయే పాఠమయ్యెను. 1879లో తిరిగి వచ్చిన నరేంద్రుడు పోయిన కాలమును లెక్కించుచు కూర్చుండలేదు. వెనుకబడిన పాఠములను స్వల్పకాలములో పూర్తిచేసి, ప్రవేశపరీక్షయందు మొదటి తరగతిలో ఉత్తీర్ణుడయ్యెను. విరామము అతనికి ఓటమి కాలేదు. ఏలయన అతడు దానిని ఓటమిగా అంగీకరింపలేదు.

బాల్యమున బలిష్ఠమైన ఆ దేహమే తరువాతి కాలమున మధుమేహమునకు, ఉబ్బసమునకు లోనయ్యెను. 1901లో బేలూరు మఠమున స్వామి దేహమునకు నీరు పట్టెను. సోదరసన్న్యాసుల కోరికపై ఆయన కవిరాజు చికిత్సకు ఒప్పుకొనిరి. నీరును, ఉప్పును పూర్తిగా విడువవలెనని నియమము. మంచి భోజనమన్నను, మిరపకాయల కారమన్నను ప్రీతిగల ఆయన, మండువేసవియందు పాలతోనే కాలము గడపిరి. వైద్యుని కట్టడిలో జరిగిన ఆ కఠినవ్రతము ఇతరులు అనుకరింపదగినది కాదు. అనుకరింపదగినది దాని వెనుకనున్న సంకల్పము.

ఆ చికిత్సవలన కొంత మేలు కలిగెను గాని రోగము నశింపలేదు, మరల తిరుగబెట్టెను. అయినను స్వామి ప్రయత్నము విడువలేదు. 1902 జూలై 4న, శరీరమును విడిచిన దినముననే, ఉదయము ధ్యానము చేసిరి. బ్రహ్మచారులకు సంస్కృత వ్యాకరణము బోధించిరి. సాయంతనము ప్రేమానందస్వామితో దాదాపు రెండు మైళ్లు నడచిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదితొమ్మిది. ఆ నడక దేనికొరకు? ఆయుర్దాయము కొరకు కాదు. దేహము ఉన్నంతవరకు దానిని పనికి తగినదిగా ఉంచుట ధర్మము గనుక.

ఇచ్చటనే సాధకునకు కీలకము దొరకును. తూనికయందు తగ్గిన బరువుకొరకే నియమము పాటించువాడు, బరువు మరల పెరిగిన నాడు నియమమును విడుచును. నియమమును కర్తవ్యముగా పాటించువానికి ప్రతిదినము మొదటి దినమే.

కావున తప్పినవాడు తననుతాను దూషించుకొనుట మానవలెను. పశ్చాత్తాపమువలె కనిపించు ఆ దూషణయందు అహంకారము దాగియుండును: నేను తప్పువాడనా యని అది విస్తుపోవును. విందునాడు మితిమీరినవాడు మరునాడు ఉపవాసముతో శిక్షించుకొనరాదు. అతిభోజనమువలె అభోజనమును యోగమునకు చెఱుపే యని గీత హెచ్చరించుచున్నది. తరువాతి భోజనమును మితముగా చేసిన చాలును. జ్వరము విడిచినవాడు మొదటి దినముననే పూర్వపు దూరము నడువ బూనరాదు; వైద్యుని సలహాతో వీధిచివరకు నడచి మరలిన చాలును. పూర్వపు శక్తితో పోలిక వలదు. తప్పిన దినముల లెక్క వలదు.

అభ్యాసమనగా ఎన్నడును జారకుండుట యని కొందరు భావింతురు. ఎవరు జారరు? బిడ్డ నడక నేర్చుచు ఎన్నిమారులు పడునో తల్లి లెక్కపెట్టదు; లేచిన ప్రతిసారి చేయి చాచును. సాధకుడు తన మనస్సుపట్ల అట్టి తల్లియే కావలెను. రేపటి ఉదయము చెప్పులు తొడిగి గడప దాటినచో, తెగిన నియమము ఆ క్షణముననే ముడివడినట్లు.