చెఱపట్టిన సొత్తును ధనమిచ్చి విడిపించుకొనవచ్చునా?

దొంగ యింట జొచ్చి సొమ్ము నెత్తుకొనిపోవుట లోకమున ననాదిగా నున్నదే. ఈ కాలమున మఱియొక విధమగు దొంగతనము పుట్టినది. ఈ దొంగ సొమ్మును గొనిపోడు. దానిని మన యింటనే, మన బల్లమీదనే, మన కన్నులయెదుటనే యుంచి, దానికి దన తాళము వైచి, ఇంత ధనమిచ్చినచో తాళపుచెవి నిత్తుననియు, గడువు దాటినచో వెల రెట్టింపగుననియు నొక చీటి వ్రాసిపెట్టును. గృహములలోని కంప్యూటర్లకు సోకు ఈ యుపద్రవమునకు రాన్సమ్‌వేర్ అని పేరు. దీనికి లొంగి ధనమిచ్చుట ధర్మమా, కాదా యను ప్రశ్నమును మేమిందు విచారింపదలచినాము. ఇది యంత్రజ్ఞులకు మాత్రమే చెందిన విషయమని చదువరులు తలపవలదు. యంత్రము వారిదైనను, ఇచ్చుటయా మానుటయా యను సంకటము గృహస్థునిది.

ఈ చౌర్యమునకు ముప్పది యేండ్లకు మించిన చరిత్ర కలదు. 1989వ సంవత్సరమున, ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమను నెపమున నించుమించు 20,000 ఫ్లాపీ డిస్కులు పలుదేశములవారికి తపాలాలో జేరెను. వానిని వాడినవారికి గొంతకాలమువఱకు నేమియు దెలియలేదు. పిమ్మట ఫైళ్ల పేర్లన్నియు మాఱిపోయి, 189 డాలర్లను పనామాలోని యొక తపాలాపెట్టెకు బంపుమను పత్రము బయలుపడెను. జోసెఫ్ పాప్ అను జీవశాస్త్రవేత్తపై నేరము మోపిరి గాని, విచారణకు దగిన మానసికస్థితి యాయనకు లేదని తేలెను. ఆ తాళము బలహీనమైనది. వేయు చెవియు దీయు చెవియు నొకటే యగుటచే నిపుణులు దానిని శీఘ్రముగనే విప్పగలిగిరి. 1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ అను నిరువురు పండితులు, వేయు చెవి వేఱు, తీయు చెవి వేఱు నైన పద్ధతిని దుష్టులు చేపట్టినచో నెట్టి కీడు మూడునో ముందుగనే హెచ్చరించిరి. 2013లో క్రిప్టోలాకర్ అను పేరుతో నా కీడు విస్తారముగా లోకముమీద బడెను. నొక్కినంతనే పడిపోవు తాళకప్పను జదువరు లెఱుగుదురు. దానిని వేయుటకు జెవి యక్కఱలేదు. తీయుటకు మాత్రమే కావలెను. ఆ చెవి దొంగయొద్ద, ఎచ్చటనో దూరదేశమున నుండును. పొరపాటు లేకుండ వేసిన యట్టి తాళమును లెక్కలు గట్టి విప్పుట నేటి యంత్రములకు సాధ్యము కాదు.

ఇక నొక గృహస్థుని ఊహింపుడు. తెనాలిలో నుద్యోగవిరమణ చేసిన యొక యుపాధ్యాయుడు. కుమారుడు టెక్సాసులో నున్నాడు. భార్య గతించినది. ఆమె ఛాయాచిత్రములును, మనుమరాలికి జెప్పిన కథలలో నిలిచియున్న యామె కంఠస్వరమును ఆయన కంప్యూటరులో మాత్రమే యున్నవి. వెల గల యొక సాఫ్ట్‌వేరు ఊరక దొరకునని యెవరో చెప్పగా నాయన దించుకొనెను. మఱునాడు చూడగా బ్రతిఫైలుపేరునకును దెలియని తోక యొకటి తగులుకొనియున్నది, ఏదియు దెఱచుకొనదు. 980 డాలర్లు చెల్లింపవలెననియు, 72 గంటలలో నైనచో 490 చాలుననియు జీటి కనబడినది. ఇది కల్పనయైనను, ఇందలి యంకెలు కల్పితములు కావు. 2018 మొదలు గృహస్థులను మిక్కిలిగా బాధించిన స్టాప్ డీజేవీయూ అను జాతి రాన్సమ్‌వేర్ తఱుచుగా నడిగిన వెల యిదియే. అది తఱుచుగా బ్రవేశించిన ద్వారమును నిదియే. ఆ వృద్ధున కేమి చెప్పుదము?

ఇచ్చుట తప్పుగాదను పక్షమును ముందుగా న్యాయముగ వినవలెను. సొత్తు తనది. బలాత్కారము ఎదుటివానిది. కత్తి చూపిన బాటసారికి ముల్లె విప్పి యిచ్చినవానిని నేరస్థుడని యెవ్వరును నిందింపరు. 490 డాలర్లు పోయిన మరల నార్జింపవచ్చును. భార్య కంఠస్వరమును మరల నార్జింపలేము. ధర్మమును బోధించువారు తమ యింట నీ విపత్తు లేనందున బోధించుచున్నారని యాయన యన్నచో నందు గొంత నిజము లేకపోలేదు.

అయినను నీ పక్షమున రెండు లోపములు మాకు గనబడుచున్నవి. మొదటిది, కొనబోవు వస్తువు దొంగమాట. చెల్లించినవారికి జెవి దొరకిన సందర్భములు పెక్కులు గలవు. వర్తకము నిలువవలెనని దొంగ యిచ్చును. కాని యది సత్యము కాదు, లాభము. 2017 జూన్ మాసమున నోట్‌పెట్యా యనునది వ్యాపించినప్పుడు, ధనము గోరిన చీటి యథావిధిగా గనబడెను గాని, చెల్లించినవారి సొత్తు తిరిగివచ్చు మార్గము దాని నిర్మాణముననే లేదు. దుష్టుని సత్యసంధతపై నాధారపడిన బేరమున గొనువానికి రక్షణ యెచ్చటిది?

రెండవది యింతకంటె ముఖ్యమైనది. బాటసారి యిచ్చిన ముల్లె యాతనితోనే ముగియును. ఈ ధనమో, మఱియొక యింటికి వేయబోవు తాళమునకు మూలధనమగును. పూర్వము దండు మీదికి రాకుండుటకై గ్రామములు చౌతు చెల్లించెడివి. చెల్లించినకొలది మఱుసటియేటికిని నదే వాడుక యయ్యెను. యూదుల మిష్నా యను ధర్మసంహిత యించుమించు 200వ సంవత్సరమున గూర్పబడినది. చెఱపడినవారిని విడిపించుట మహాపుణ్యమని తలచు నా జాతివారే, చెఱపడినవారి విలువకు మించిన ధన మీయరాదనియు, లోకక్షేమమే యిందుకు గారణమనియు నందు విధించుకొనిరి. రోథెన్‌బర్గు మేయిర్ అను గురువు జర్మనీలో చెఱపడినప్పుడు, తనకై యధికధనము నీయవలదని తనవారిని వారించెనని చెప్పుదురు. 1293లో నాయన చెఱలోనే మరణించెను. మనుష్యుని విషయముననే యట్టి విచారము చేసినప్పుడు, ఫైళ్ల విషయమున మనము చేయకుండుట యెట్లు?

నా యొక్కని ధనముచేత దొంగ బ్రదుకునా, నే నొక్కడను మానినంతమాత్రమున మానునా యని యడుగవచ్చును. 2017 మే 12వ తేదీన వానక్రై యనునది బయలుదేఱి 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను జెఱపట్టెను. ఒక్కొక్కరినుండి యడిగినది 300 డాలర్లు. అందఱును జెల్లించియుండినచో నాఱుకోట్ల డాలర్లు పోగై యుండవలెను. వాస్తవమున జేరినది యించుమించు 1,40,000 డాలర్లు. చెల్లించినవారెవరో సరిగా గుర్తించు నేర్పాటు దొంగలకే లేదని వెల్లడియగుట యిందుకొక కారణమే యగుగాక. వేలకొలది సామాన్యులు ఈయకుండుటచేతనే యంత వ్యాప్తిగల చౌర్యమునకు నింత స్వల్పఫలము దక్కెననుట నిశ్చయము. ఒక్కొక్కరి నిరాకరణము చిన్నది. వాని మొత్తము చిన్నది కాదు.

ఇచ్చట నొక మినహాయింపు చెప్పక తీఱదు. 2016 ఫిబ్రవరిలో లాస్ ఏంజిల్సునగరమందలి హాలీవుడ్ ప్రెస్బిటీరియన్ వైద్యశాల, తన యంత్రములు స్తంభింపగా 40 బిట్‌కాయిన్లను, అనగా నప్పటి లెక్కకు 17,000 డాలర్లను జెల్లించెను. రోగుల ప్రాణములు నిలుచుచోట నియమమును బట్టుకొని వ్రేలాడుమని చెప్పుటకు మాకు నోరాడదు. ఇందుకు భిన్నముగ నమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రము 2021లో తన ప్రభుత్వసంస్థలు విమోచనధన మీయగూడదని శాసనము చేసెను. అది కఠినముగ దోచవచ్చును; కాని ప్రజాధనము దొంగకు జేరదని ముందే తెలిసినచో దొంగకు ఆశ తగ్గునను నాలోచన యందు గలదు. ప్రాణమునకై యిచ్చుట క్షమింపదగినది. వస్తువునకై యిచ్చుట మానదగినది యని మా నిర్ణయము.

అట్లైన, గతించిన యిల్లాలి కంఠస్వరము వట్టి వస్తువా? కాదు. ఆ దుఃఖమును దేలికగా మాటాడుట మానవత్వము కాదు. కాని యా ధనముతో ఱేపు తాళము పడబోవునది మఱియొక వృద్ధుని యింటనే. అచ్చటను గతించినవారి చిత్రములే యుండును. ఒక జ్ఞాపకమును వేఱొకరి జ్ఞాపకముచేత గొనుట ప్రేమకు దగిన మార్గమని మేము చెప్పజాలము. అట్లు తెలిసియు నాయన దుఃఖముచేత నిచ్చివేసినచో నాయనను నిందింపము. పాపము తాళము వేసినవానిదే. నిందింపకపోవుట వేఱు, ధర్మమనుట వేఱు.

నిరాకరించుట యన జేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. మొదట నింటర్నెట్టును, దగిలించియున్న డిస్కులను దీసివేయవలెను. లేకున్న నవియు దాళము పడును. చీటిని ఫోటో తీసి భద్రపఱుపవలెను. తాళము పడిన ఫైళ్లను జెఱపివేయక వేఱొక డిస్కులో దాచవలెను. ఇది వృథాశ్రమ కాదు. క్రిప్టోలాకరు ముఠాను 2014లో పలుదేశముల పోలీసులు భగ్నము చేసినపిమ్మట, అదే సంవత్సరము ఆగస్టులో జెవు లుచితముగ నీయబడెను. డీజేవీయూ జాతిలోని 148 రకములకు ఎమ్సిసాఫ్ట్ అను సంస్థ 2019 అక్టోబరులో నుచితముగ విప్పు సాధనమును వెలువరించెను. నెదర్లాండ్సు పోలీసులు, యూరోపోల్ మున్నగువారు 2016లో స్థాపించిన నో మోర్ ర్యాన్సమ్ అనునది యట్టి సాధనముల నొకచో జేర్చి యెల్లవారి కిచ్చుచున్నది. ఈ జాతులు కొన్ని సంకేతపదములనుగూడ దొంగిలించును గాన, వానిని వేఱొక యంత్రమునుండి మార్చవలెను. మన దేశమున జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్ కలదు. ధనము పోయినచో 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

కాని యీ ధర్మసంకటము పుట్టిన పిమ్మట జేయు తీర్పుకంటె, పుట్టకుండ జేయు కర్తవ్యము గొప్పది. చేతులు కాలిన పిమ్మట నాకులు పట్టుకొనుట మన కలవాటు. వానక్రై చొరబడిన కన్నమును బూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. రెండునెలలు దానిని వేసికొనని యంత్రములే బలియయ్యెను. అందు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు గొన్ని యుండుట చదువరులకు జ్ఞప్తి యుండవచ్చును. మఱియు, పరుని శ్రమఫలమైన సాఫ్ట్‌వేరును వెల లేక దించుకొనుట మన యిండ్లలో దప్పుగనే తలపబడుటలేదు. దొంగసొత్తునకు దలుపు తెఱచినప్పుడు దానివెంట దొంగయు లోనికి వచ్చుట వింతయా? అంతమాత్రమున నాతనికా శిక్ష తగునని మే మనము. తలుపు మూయుమని మాత్రమే యనుచున్నాము.

అన్నిటికంటె విచారింపదగినది సిగ్గు. పెద్దలు పిల్లలు తిట్టుదురని భయపడి యీ విపత్తును దాచుదురు. రహస్యముగ ధనము పంపుదురు. దొంగకు గావలసినది సరిగా నా మౌనమే. దూరదేశములనుండి సెలవులకు వచ్చు కుమారులారా! కొమార్తెలారా! మీ తండ్రికి గంప్యూటరు తెలియదని నవ్వుటకు బదులు, ఒక్క సాయంకాల మాయన చెంత గూర్చుండి, ఆ చిత్రములను, ఆ కంఠస్వరములను రెండు డిస్కులలోనికి బ్రతి తీయుడు. అందొకటి యంత్రమునుండి విడదీసి బీరువాలో నుంచుడు. ఇంకొకటి మీవెంట గొనిపొండు. ఆ దినమునుండి దొంగ చీటికి వెల లేదు. ఇచ్చుటయా మానుటయా యను ప్రశ్నమే యా యింట బుట్టదు. ధర్మము మనలను గఠినమైన త్యాగ మడుగకముందే, యీ సులభమైన పని నడుగుచున్నది. దానిని ఱేపటికి వాయిదా వేయువాడు, తనకు గాకున్నను దన వృద్ధులకు నా కఠినమైన త్యాగమును మిగిల్చినవా డగును.