తోడుతో ప్రయాణము, ఒంటరి ప్రయాణము



దూరదేశమునకు తోడుతో వెళ్లుట మేలా, ఒంటరిగా వెళ్లుట మేలా? లేఖనములో రెండును కనబడుచున్నవి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపెను (మార్కు 6:7). ఆయనయే తెల్లవారకమునుపు లేచి ఒంటరిగా అరణ్యప్రదేశమునకు వెళ్లెను (మార్కు 1:35). కాబట్టి ఒక్క వచనము చూపి ఈ ప్రశ్నను ముగింపలేము.

పసిఫిక్ మహాసముద్రములోని పోలినేసియాలో కుక్ దీవులు అను 15 ద్వీపములు కలవు. అవి ఒకదానికొకటి బహు దూరముగా చెదరియున్నవి. 1821లో రయాటియా ద్వీపపు సంఘమువారైన పాపెయిహా, వాహాపాతా అను ఇద్దరు బోధకులు వాటిలో అయితుతాకి అను దానియందు దిగిరి. వీరు తెల్లదొరలు కారు, ద్వీపవాసులే. 1823లో మిషనరీ జాన్ విలియమ్స్ ఓడ రారోటోంగా చేరినప్పుడు, మొదట కొందరు బోధకులు భార్యలతోకూడ దిగిరి. ఆ రాత్రి ఆ స్త్రీలు మిక్కిలి బాధింపబడిరి. తెల్లవారగానే అందరును ఓడకు తిరిగి వచ్చిరి. అప్పుడు పాపెయిహా, తన సంఘమువారెవరును వెంట లేకుండ, తాను ఒక్కడే దిగుటకు ఒప్పుకొనెను. పుస్తకములను తలకు కట్టుకొని ఒడ్డుకు ఈదెనని చెప్పుదురు. అయితే ఒక మనవి చేసెను: తిబెరియో అను సహకారిని తన యొద్దకు పంపవలెనని. కొన్ని నెలలకు తిబెరియో వచ్చెను.

ఏకాంతము తియ్యగానున్నదని అతడు ఒంటరిగా దిగలేదు. అయినను ఆ ఒంటరి నెలలు వ్యర్థములని నేను తలంచను. ఇద్దరు అన్యుల యింట భోజనమునకు కూర్చుండినయెడల తమలో తామే మాటలాడుకొందురు. ఇంటివాడు చూచుచు ఊరకుండును. తోడు కొన్నిసార్లు గోడయగును. (ఊరూర తిరుగు మన సువార్తికులు దీనిని ఎరుగుదురు.) ఒంటరివాడు పెట్టినది తినవలెను, తెలియని మాటను చిన్నబిడ్డనైనను అడిగి నేర్చుకొనవలెను.

మరియొకని సంగతి వేరు. న్యూజీలాండు దేశస్థుడైన టామ్ నీల్ 1952లో మనుష్యసంచారములేని సువారో ద్వీపమునకు తన యిష్టముచొప్పుననే ఒంటరిగా వెళ్లెను. అది రారోటోంగాకు 900 కిలోమీటర్లకు పైగా దూరము. కోళ్లను పెంచెను, తోట వేసెను, చేపలు పట్టెను. 1954లో నడుము పట్టి దినములకొలది లేవలేక పడియుండెను. పడిపోయినప్పుడు లేవనెత్తువాడు లేని ఒంటరివానిని గూర్చి ప్రసంగి 4:10లో చదువుదుము గదా! ఎదురుచూడని రీతిగా ఒక చిన్న తెరచాప పడవలో ఇద్దరు పరదేశులు వచ్చి అతనికి ఉపచారము చేసిరి.

అతనిమీద తప్పు మోపుటకు నాకు మనస్సు రాదు. దారిన వచ్చిన నావికులను అతడును ఆదరించెను. కాని పాపెయిహా తోడును కోరెను. నీల్ స్వస్థుడైన తరువాత 1960లోను, 1967లోను మరల అచ్చటికే ఒంటరిగా వెళ్లెను. ఒకడు మనుష్యులయొద్దకు పోవుటకు ఒంటరియాయెను, మరియొకడు మనుష్యులను విడిచిపోవుటకు. మన ఒంటరితనము ఈ రెంటిలో ఏదో మనలో ప్రతివాడును తన్నుతాను అడుగుకొనవలెను. పైకి రెండును ఒక్కటిగానే కనబడును.

1977లో రోగియైన నీల్‌ను పడవలో రారోటోంగాకు తెచ్చిరి. 110 సంవత్సరములకు ముందు పాపెయిహా కన్నుమూసిన ద్వీపముననే అతడును మరణించెను.