కోపానికి పాస్‌పోర్టు ఎందుకమ్మా

అమ్మలూ,

ఇరాన్‌లో ఎవరినో క్రేన్‌కి వేలాడదీశారని చదివి నీకు అన్నం సహించలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తను నవ్వుతూనే చెప్పింది గానీ నాకు మాత్రం సంతోషం వేసింది. లా చదివే పిల్లకి ఆ మాత్రం ఉడుకు లేకపోతే ఆ చదువెందుకు? కోపం తగ్గించుకోమని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. "ఆ దేశాలే అంత" అన్నావట. ఆ మాట దగ్గర కాస్త ఆగమని.

2015 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చెప్తా విను. ఆ నెల 14న సౌదీలో సితి జైనబ్ అనే ఇండోనేషియా పనిమనిషికి మరణశిక్ష అమలు చేశారు. యజమాని భార్యని చంపిందని 1999 నాటి కేసు. చనిపోయినావిడ చిన్నకొడుకు పెరిగి పెద్దవాడై, క్షమిస్తాడో లేదో తేల్చేదాకా ఆమెని అన్నేళ్ళూ జైల్లోనే ఉంచారు. అతను క్షమించలేదు. రెండ్రోజులకే కర్ని అనే మరో ఇండోనేషియా పనిమనిషికీ అదే గతి పట్టింది. ముందుగా ఒక్క ముక్కైనా చెప్పలేదని జకార్తా ప్రభుత్వం మండిపడింది, సౌదీ రాయబారిని పిలిపించి నిలదీసింది. అందులో తప్పేమీ లేదు. అయితే అదే ప్రభుత్వం అదే నెల 29న, అర్ధరాత్రి దాటాక, నుసకంబంగన్ దీవిలో ఎనిమిది మందిని నిలబెట్టి కాల్చి చంపింది. అన్నీ మత్తుమందుల కేసులే.

ఆ ఎనిమిది మందిలో లోకానికి బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు, ఆస్ట్రేలియా వాళ్ళు. మయూరన్ సుకుమారన్ శ్రీలంక తమిళుల బిడ్డ. జైల్లో బొమ్మలు వేయడం నేర్చుకుని, తోటి ఖైదీలకీ ఆ తరగతులు పెట్టించాడు. ఆండ్రూ చాన్ జైల్లోనే పాస్టర్ అయ్యాడు, చనిపోయే ముందు జైల్లోనే పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ కోసం ఆస్ట్రేలియా ఊరూరా కొవ్వొత్తులు వెలిగించింది, ఆ తెల్లవారే రాయబారిని వెనక్కి పిలిచింది. మూడోవాడు బ్రెజిల్ మనిషి, రోడ్రిగో గులార్తె. మనసు చెదిరిన రోగి. సంకెళ్ళు వేస్తున్నప్పుడు కూడా తనని చంపబోతున్నారన్న సంగతి అతనికి సరిగా ఎక్కలేదని దగ్గరున్న ఫాదర్ తర్వాత చెప్పాడు. మిగిలినవాళ్ళలో నలుగురు ఆఫ్రికా వాళ్ళు. వాళ్ళ పేర్లు నువ్వెక్కడైనా విన్నావా? ఇక ఎనిమిదోవాడు జైనల్ అబిదీన్, గంజాయి కేసు, ఇండోనేషియా పౌరుడే. సొంత దేశంవాడే గనక అతని కోసం ఏ రాయబారీ తలుపు తట్టలేదు.

తొమ్మిదో మనిషి కూడా ఉండాల్సింది. ఫిలిప్పీన్స్ నుంచి బతుకుతెరువు కోసం బయల్దేరిన మేరీ జేన్ వెలొసో. ఆమెని పంపిన మనిషి స్వదేశంలో పోలీసులకి లొంగిపోవడంతో చివరి ఘడియల్లో ఆమె శిక్ష ఆపారు. 2024 డిసెంబరులో స్వదేశం చేరింది. చంపేసి ఉంటే ఎవరు చేర్చేవాళ్ళు?

ఆస్ట్రేలియా కన్నీళ్ళు దొంగవని నేననను. కానీ 2002లో బాలిలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు, వాళ్ళలో 88 మంది ఆస్ట్రేలియన్లు. ఆ కేసులో దోషి అమ్రోజీకి మరణశిక్ష పడితే, తాను అభ్యంతరం చెప్పబోనని అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ తేల్చేశాడు. 2008లో అమ్రోజీనీ మరో ఇద్దరినీ ఇండోనేషియా కాల్చి చంపింది. చంపిన దేశం అదే. చనిపోయినవాళ్ళు మారేసరికి ఒకసారి అనాగరికమైంది, ఒకసారి న్యాయమైంది. ఇంకో ముచ్చట. చాన్, సుకుమారన్‌ల ముఠా గురించి 2005లో బాలి పోలీసులకి ఉప్పందించింది కూడా ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులే!

పెద్ద దేశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 మార్చి 12న సౌదీ ఒక్క రోజులో 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. నాలుగు రోజులకే అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ చమురు మాటలకి రియాద్‌లో దిగాడు.

ఇదంతా విని నువ్వు రెండో గోతిలో పడొద్దు. అందరి గురించీ అరవలేనివాడు ఎవరి గురించీ అరవకూడదనే వాదం ఒకటుంది చూడు, అది తలారికి బాగా పనికొచ్చే వాదం. 2010లో ఇరాన్ సకీనే అష్టియానీ అనే ఆవిడని రాళ్ళతో కొట్టి చంపబోతోందని లోకమంతా గోల పెట్టింది. సరిగ్గా అప్పుడే అమెరికాలో, వర్జీనియాలో, మందబుద్ధికి కాస్త ఎగువన ఉన్న తెరెసా లూయిస్‌ని విషపు సూదితో చంపడానికి ముహూర్తం పెట్టారు. అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ న్యూయార్క్ వచ్చి, దీని గురించి మాట్లాడరేం అని దెప్పాడు. అడిగిన ప్రశ్న సబబే, అడిగిన మనిషికి ఇద్దరిలో ఎవరి ప్రాణం మీదా బెంగ లేదు. తెరెసాని సెప్టెంబరు 23న చంపేశారు. సకీనే మాత్రం 2014లో విడుదలైంది. ఆ గోల ఊరికే పోలేదు. కాబట్టి అరువు, తల్లీ. ఒక గొంతు కోసం అరిచినప్పుడు రెండో గొంతుని మర్చిపోకు, అంతే.

మన సంగతికొద్దాం. గురివింద గింజకి తన కింద నలుపు కనబడదంటారు కదా. 2023 అక్టోబరులో కతార్ కోర్టు మన మాజీ నౌకాదళ ఉద్యోగులు ఎనిమిది మందికి మరణశిక్ష వేస్తే దేశమంతా ఉలిక్కిపడింది. వాళ్ళలో విశాఖ మనిషీ ఉన్నాడు. విచారణ గుట్టుగా జరిగిందని, సాక్ష్యాలు చూపలేదని మనం అడిగినవన్నీ అడగాల్సినవే. కానీ అదే మనం 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం. అక్కడ విచారణే లేదు, ఇక గుట్టేమిటి? చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆ పిల్ల మీద జరిగిన ఘోరానికి నా కడుపూ మండింది. మండినా కోర్టు అనేది ఒకటుండాలి. ఐక్యరాజ్యసమితిలో ఉరి ఆపుదామన్న తీర్మానం వచ్చినప్పుడల్లా మన దేశం వద్దనే ఓటు వేస్తూ వచ్చిందని కూడా గుర్తుపెట్టుకో.

నల్లకోటు వేసుకుని బతికినవాణ్ణి గనక ఒక్కటి చెప్తా. అమాయకుడి కోసం, మనవాడి కోసం ఎవరైనా నిలబడతారు. చిలకలూరిపేట కేసు చూడు. 1993లో బస్సుకి నిప్పంటిస్తే 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు దోషులని అన్ని కోర్టులూ తేల్చాయి, అప్పటి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. వాళ్ళు మంచివాళ్ళని ఎవరూ అనలేదు, అనడానికి లేదు కూడా. అయినా పౌరహక్కుల వాళ్ళు ఊరుకోలేదు. చచ్చిపోయినవాళ్ళ చుట్టాలు తిడుతున్నా పిటిషన్లు పెడుతూనే ఉన్నారు. చివరికి 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ ఉరిని యావజ్జీవంగా మార్చారు. నువ్వు ఎవరికి మొక్కాలని అడిగితే నేను ఆ పౌరహక్కుల వాళ్ళకే మొక్కమంటాను.

పరీక్షలవగానే ఒకసారి ఇటు రా. ఆ కేసు తీర్పులు నా దగ్గరున్నాయి, ఇస్తాను. ఆ 23 మంది ఎలా చనిపోయారో ముందు చదువు, వదిలిపెట్టకుండా చదువు. అప్పటికీ ఉరి వద్దనే అనిపిస్తే నీ కోపం గట్టిదే. ఉరి వేయాల్సిందే అనిపిస్తే నాతో పోట్లాడు, కూర్చుని తేల్చుకుందాం.