కూలి వేరు, ఫలం వేరు

కెన్యా రిఫ్ట్ లోయ అంచున, సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న ఇటెన్‌లో తెల్లవారకముందే ఎర్రమట్టి బాటల మీద పరుగు మొదలవుతుంది. పరుగెత్తేవాళ్లలో చాలామంది కాలెంజిన్ రైతు కుటుంబాల పిల్లలు. విదేశంలో ఒక పెద్ద మారథాన్ గెలిస్తే భూమి, ఇల్లు, తమ్ముళ్ల చదువు సమకూరతాయి. ఆ గెలుపు మాత్రం ఏ కొద్దిమందికో దక్కుతుంది. మిగిలినవాళ్లలో ఎందరో ఏళ్ల తరబడి శ్రమించి ఖాళీ చేతులతో మిగిలిపోతారు. అలాంటి యువకుడికి ఫలం మీద ఆశ వదులుకోమని చెప్పే అర్హత ఎవరికైనా ఉందా?

ఫలం ఆశించవద్దన్న గీతలోని బోధను పేదవాడి నోరు మూయించడానికి వాడితే అది గీతకే అన్యాయం. కర్మ చేయకపోతే శరీరయాత్ర కూడా సాగదని మూడో అధ్యాయంలో కృష్ణుడే చెబుతాడు. అంటే బతుకుతెరువును ఆయన వదులుకోవలసిన ఆశగా చూడలేదు. కూలికీ ఫలానికీ ఉన్న ఈ తేడా మన పొలాల్లో అందరికీ తెలిసిందే. నాటు వేసిన మనిషికి పంట పండినా ఎండినా ఆ రోజు కూలి ఇచ్చి తీరాలి. పంట ఫలం; కూలి ఫలం కాదు, బాకీ. పెద్ద మారథాన్లలో పేస్‌మేకర్‌ను చూడండి. ఒప్పుకున్న వేగంతో ముందు పరుగెత్తి, సాధారణంగా గమ్యం చేరకుండానే పక్కకు తప్పుకుంటాడు. గెలుపు మీద కన్ను లేకుండా అంత నిష్ఠగా పరుగెత్తగలుగుతున్నాడంటే, ఆ పనికి డబ్బు ముందే మాట్లాడుకున్నందువల్లే. పొయ్యి మీద ఎసరు ఉందన్న ధైర్యమే అతని నిష్కామతకు ఆధారం.

ఆకలే ఛాంపియన్లను తయారు చేస్తుంది, జీతమిస్తే కసి చచ్చిపోతుంది అనేవాళ్లున్నారు. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచిన కిప్చోగే కీనో పోలీసు ఉద్యోగి. ఆ తర్వాత కూడా పోలీసు, సైన్యం, జైళ్ల శాఖల జీతంతో ఎందరో కెన్యా క్రీడాకారులు పతకాలు తెచ్చారు. ఆకలి చురుకు పుట్టించవచ్చు గానీ, గాయమైన కాలికి విశ్రాంతినివ్వదు; నిషేధిత మందు చూపించేవాడికి కాదని చెప్పే బలాన్నీ ఇవ్వదు.

పరుగెత్తే ప్రతివాడికీ జీతం ఎక్కడి నుంచి తెస్తారన్నది ఇంకా గట్టి ప్రశ్న. అందరికీ ఇవ్వలేమన్నది నిజమే. కానీ వాళ్ల శ్రమకు బాకీ తీర్చే దారి జీతం ఒక్కటే కాదు. ఇటెన్‌లోని సెయింట్ పాట్రిక్స్ హైస్కూలుకు 1976లో ఐర్లండ్ నుంచి ఉపాధ్యాయుడిగా వచ్చిన బ్రదర్ కోల్మ్ ఓ'కానెల్ అక్కడే పరుగు శిక్షకుడయ్యారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచిన పీటర్ రోనో ఆ బడి పిల్లవాడే. అక్కడ పరుగు చదువును మింగేయలేదు, దాని పక్కనే సాగింది. రోనోతో పాటు అదే మైదానంలో పరుగెత్తి ఏ పతకమూ తేలేని పిల్లవాడి చేతిలో కూడా ఒక సర్టిఫికెట్ ఉంటుంది.