యెవరి నీటిలో పొదుపు?

కిలో గొడ్డుమాంసానికి యెంత నీరు ఖర్చవుతుంది? మెకోనెన్, హోక్‌స్ట్రా అనే శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన లెక్క ప్రకారం ప్రపంచ సగటు సుమారు 15,400 లీటర్లు. యీ అంకె విని కొందరు మాంసాన్నే నిందిస్తారు. మరికొందరు, బీళ్లలో మేపడం మాని దొడ్లలో దాణా పెట్టి పెంచితే నీరు ఆదా అవుతుందంటారు. వారి చేతిలో అంకెలు కూడా వున్నాయి: బీటి పశువు మాంసానికి కిలోకు 21,800 లీటర్లు, దాణా పశువు మాంసానికి 10,200. సగానికి సగం పొదుపు!

కాని నీరంతా వొకటేనా? మొదటి అంకెలో నూటికి సుమారు 97 పాళ్లు వానకు మొలిచిన గడ్డి తాగిన నీరే. పశువు మేయకపోయినా ఆ వాన ఆ బీటిమీద కురిసేదే. యేటినుంచీ బావినుంచీ తెచ్చిన నీటిని విడదీసి చూడండి, లెక్క తారుమారవుతుంది: బీటి పశువుకు 465 లీటర్లు, దాణా పశువుకు 680 పైచిలుకు. గడ్డి అనగానే నిర్దోషి అనుకోకూడదు లెండి. కొలరాడో నదీజలాలను అన్నిటికంటె యెక్కువగా తాగేది పశువుల మేతపంటలేనని 2020లో పరిశోధకులు తేల్చారు.

అసలు ధాన్యమెందుకు? అమెరికాలో ప్రభుత్వపు తనిఖీదారు కోసిన కండలో తెల్లని కొవ్వు చారలు చూసి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని తరగతి నిర్ణయిస్తాడు. నాణ్యమంటే అక్కడ ప్రధానంగా అదే. ఆ చారల్ని త్వరగా తెచ్చేది మొక్కజొన్న. గడ్డి మేసిన పశువు మాంసంలో కొవ్వు తక్కువ, దాని రంగు పసుపు. వొమేగా-3 కొవ్వులు కొంత యెక్కువే అయినా తరగతి నిర్ణయంలో వాటికి విలువ లేదు. రుచిని నేను తప్పుపట్టను. ఆ రుచికి ధర కట్టినవారు నీటికి ధర కట్టలేదంటున్నాను.

ఆ నీరు యెక్కడిది? పశ్చిమ కాన్సాస్, ఉత్తర టెక్సాస్ ప్రాంతాల్లో చాలామట్టుకు వొగలాలా అనే భూగర్భ జలాశయానిది. యెనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న ఆ నీటిని, దక్షిణ భాగంలో తోడినంత వేగంగా వాన తిరిగి నింపలేదు. టెక్సాసులో 1904 నాటి కోర్టు తీర్పు ప్రకారం నేల యెవరిదో దాని కింది నీరు తోడుకునే హక్కు వారిది. పొరుగువాని బావి యెండినా సాధారణంగా పరిహారం లేదు. తరవాత స్థానిక జలమండలులు కొన్ని హద్దులు పెట్టాయి. అయినా లోతుగా తవ్వగల పెట్టుబడి వున్నవాడు నిలబడతాడు, లేనివాడు మోటారు ఆపేస్తాడు. నీరు అందనంత దిగిపోయిన చోట పొలాలు మళ్లీ వానకోసం యెదురుచూస్తున్నాయి. దొడ్డికి మాత్రం మొక్కజొన్న వేరే రాష్ట్రంనుంచి రైలుమీద వస్తుంది.