శ్రీపాదములు – సంఘశరీరము

సంఘమును ఒక శరీరముగా భావించుట మన పూర్వులకు క్రొత్త గాదు. పురుషసూక్తము నాలుగు వర్ణములను విరాట్పురుషుని ముఖ, బాహు, ఊరు, పాదములతో ముడిపెట్టి చెప్పినది. కౌటిల్యుడు రాజ్యమునకు ఏడు అంగములు గలవనెను. ఈ పోలికలో ఒక ధర్మసందేహము దాగియున్నది: పాదము శిరస్సుకంటె తక్కువదా?

శిల్పులు దీనికి తమ రీతిని బదులిచ్చిరి. చాళుక్య మంగళేశుడు క్రీ.శ. 578లో బాదామియందు నిర్మింపజేసిన గుహాలయమున భూదేవి నుద్ధరించు వరాహస్వామియు, త్రివిక్రముడును దర్శనమిత్తురు. వరాహము చాళుక్యుల రాజచిహ్నము. ధరణిని కాచుట ప్రభువు విధియను రాజనీతి ఆ మూర్తిలో నున్నది. ఇక త్రివిక్రమావతారమున లోకములను కొలిచినది పాదమే. బలిచక్రవర్తి తలపై ధరించినదియు ఆ పాదమునే. 1905లో అవనీంద్రనాథ ఠాకూరు దేశమునే మాతృమూర్తిగా చిత్రించి, ఆమె నాలుగు చేతులలో గ్రంథమును, వరివెన్నులను, వస్త్రమును, జపమాలను ఉంచెను. విద్యతోను, జపముతోను సమానముగా కర్షకుని పంటయు, నేతగాని బట్టయు ఆ తల్లి చేతికెక్కినవి.

మగ్గముల ఊరైన అమరచింతకు ఈ మాట దూరము గాదు. ఆ ప్రాంతపు ఇలవేల్పు కురుమూర్తి వేంకటేశ్వరస్వామి. కార్తికమాసపు జాతరలో స్వామికి చిన్నవడ్డెమాను గ్రామమునుండి ఉద్దాలు, అనగా పాదుకలు, ఊరేగింపుగా వచ్చును. వానిని నియమనిష్ఠలతో తోలున కుట్టువారు దళితులు. వచ్చిన భక్తులెల్లరు ఆ ఉద్దాలను తలకు తాకించుకొని ధన్యులగుదురు. ఆలయములలో శిరస్సున నుంచు శఠారియు స్వామి పాదములే. ఆ పేరు నాలవ వర్ణమున జన్మించిన నమ్మాళ్వారుది.

ఏ అంగము పని దానిదే గదా, భేదము సహజమే యని కొంద రందురు. నిజమే, కాని కాలిలో ముల్లు విరిగినచో కన్ను చెమర్చును, నడుము వంగును, చేయి పోయి ముల్లు తీయును. కాలిని ముట్టినందున చేయి మైలపడదు. ప్రాణమున్న శరీరమున అంటరాని అంగము లేదు. పైగా అంగము తన చోటు మార్చుకొనలేదు, మనుష్యుడు మార్చుకొనగలడు. చెప్పులు కుట్టువాని బిడ్డ న్యాయపీఠ మెక్కవచ్చును. పోలిక అంతవరకే, దానిని సంకెలగా చేయుట అధర్మము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, 17వ అధికరణమున, అస్పృశ్యతను రద్దుచేసినది.

ఉద్దాలను శిరస్సున దాల్చి, వానిని కుట్టిన చేతిని పంక్తికి దూరముగా నుంచినచో ఆ మ్రొక్కు తోలునకే చెందును గాని స్వామికి చెందదు. కొండ దిగిన పిమ్మట తన యూరి బావివద్ద, ఇంటి గడపవద్ద, పెండ్లిపందిటిలో ఆ చేతికి గౌరవమిచ్చినవాని యాత్రయే సఫలము.