బిడ్డ పాలిటి కాయకము

అన్నము పెట్టని పని కాయకమగునా? పొట్టకూటికి గాక, కేవలము ముచ్చటకై తండ్రియు బిడ్డయు కలసి నెలల తరబడి చేయు పనిని శరణుల మార్గమున ఏమని పిలువవలెను? ఒక కారును గూర్చి చదివినప్పుడు నాకీ ప్రశ్న కలిగినది.

1978లో జపాను దేశపు మాజ్డా కంపెనీవారు ఆర్‌ఎక్స్-7 అను స్పోర్ట్స్ కారును వెలువరించిరి. దాని తయారీ ఆగి చాలకాలమైనది. అయినను పాతబడి మూలబడిన అట్టి కారును కొని, ఇంటి షెడ్డులో ముక్కముక్కగా విప్పి, బిడ్డతో కూడి మరల కట్టుకొను తలిదండ్రులు జపాను, అమెరికా దేశములలో కలరు. మా అమ్రాబాదు గుట్టలపై అట్టి కారును నేనెన్నడును చూచియుండలేదు. కాని దాని ఇంజను మనకొక ధర్మసూక్ష్మమును బోధింపగలదు.

మనమెరిగిన ఇంజనులో పిస్టను పైకిని క్రిందికిని ఆడును. ఈ రోటరీ ఇంజనులో పిస్టను లేదు, వాల్వులు లేవు. నడుమ కొంచెము నొక్కుకొనిపోయిన కోడిగ్రుడ్డు వంటి గదిలో, ఉబ్బిన ప్రక్కలుగల ముక్కోణపు రోటరు తిరుగును. అది ఒక చుట్టు తిరుగునప్పటికి ఇరుసు మూడు చుట్లు తిరుగును. రోటరు మూడు కొనలయందును సన్నని బద్దల వంటి సీళ్ళుండును. వెనుకనున్న చిన్న స్ప్రింగులు వానిని గోడకు అదిమి పట్టుకొనును. మండుచున్న వాయువు ప్రక్క అరలోనికి చొరకుండ కాచునవి ఆ బద్దలే. పైకి కారు ఎంత అందమైనదైనను, అవి చెడిననాడు ఇంజను శక్తి ఉడిగిపోవును.

జర్మనీ దేశస్థుడగు ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఈ ఇంజను 1957లో ఎన్.ఎస్.యు. కంపెనీలో మొదటిసారి నడచినది. 1961లో హిరోషిమాలోని మాజ్డావారు ఒప్పందము చేసికొని ఆ విద్యను గ్రహించిరి. అప్పుడు గొప్ప చిక్కు ఎదురైనది. సీళ్ళు వణకి, గది గోడపై గీతలు పడుచుండెను. ఆ గీతలకు అచ్చటివారు దయ్యపు గోళ్ళ గుర్తులని పేరుపెట్టిరి. కెనిచి యమమోటో అను ఇంజనీరు నాయకత్వమున నలుబదియేడుగురు ఆ సమస్యతో పెనగులాడి, తుదకు అల్యూమినియము చొప్పించిన కార్బను సీలుతో దానిని జయించిరి. 1967లో కాస్మో స్పోర్ట్ అను కారు వెలువడినది. 1991లో ఫ్రాన్సు దేశపు లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమున గెలిచినది రోటరీ ఇంజను గల మాజ్డా కారే.

ఇంజను బిగించిన తరువాత ఆ బద్ద ఎవరి కంటికిని కానరాదు. ఇప్పుడు ధర్మసంకటమును ఆలోచింపుడు. బిడ్డ ఆ బద్దను సరిగా కొలువక కూర్చినది. తండ్రి చూచినాడు. చెప్పిన బిడ్డ మనసు చిన్నబోవును. చెప్పకున్న ఇంజను చెడును. బిడ్డ నిద్రించిన పిదప తానే దానిని సరిచేసిన తప్పేమి? చాలమంది తలిదండ్రులు అట్లే చేయుదురు. నేనును చేసితిని.

1994 దసరా సెలవులలో సంగతి ఇది. మా బావిమీది అయిదు గుర్రపుబలముల ఆయిలు ఇంజను దమ్ము పట్టక, లాగలేక ఆగిపోయినది. బావిక్రింద వరి పొట్టమీద నుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా బిడ్డ పానాలు అందించెదనని వెంటవచ్చి, పనియంతయు నేర్పుమని పట్టుపట్టినది. హెడ్డు విప్పితిమి. ఒక వాల్వు ఆమెకు, ఒకటి నాకు. గ్రైండింగు పేస్టు పూసి, వాల్వు దాని గద్దెపై సమముగా కూర్చుండువరకు త్రిప్పి త్రిప్పి రుద్దవలెను. సాయంకాలమునకు ఆమె తన పని అయినదనెను. కిరసనాయిలు పోసి పరీక్షింపగా ఆమె వాల్వు అంచున చెమ్మ ఊరుచుండెను. ఆమె ముఖము చూచి నోరు మెదపలేకపోతిని. రాత్రి అందరును పండుకొనిన తరువాత లాంతరు పట్టుకొనిపోయి, ఆ వాల్వును నేనే మరల రుద్దితిని.

మరునాడు ఇంజను పలికినది, నీరు పారినది. బిడ్డ సంతోషమునకు మేర లేదు. సామాను సర్దునప్పుడు మాత్రము, తాను మూతపెట్టిన పేస్టు డబ్బా తెరచియుండుట చూచినది.

“నాయనా, రాత్రి వాల్వు నువ్వు మళ్ళ రుద్దినవా?”

“లేదు బిడ్డా.”

ఆమె మారుపలుకలేదు. కాని సంక్రాంతి సెలవులలో ఇంజను మరల మొరాయించినప్పుడు బావికడకు రాలేదు. “నాకు రాదు నాయనా, నువ్వే చేసుకో” అనినది. నా అబద్ధమును ఆమె నాడే గుర్తించినది. దానికంటె గొప్ప హాని మరియొకటి జరిగినది: తన చేతులను తాను నమ్ముట మానినది.

కల్యాణ పట్టణపు ఆయ్దక్కి మారయ్య కథ మన ఇండ్లలో తెలియనివారుండరు. రాలిన బియ్యమును ఏరుకొనుట ఆ శరణుని కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె హెచ్చు బియ్యము తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ సంతోషింపలేదు. అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపినది. ఆ కథను నేను దురాశకు సంబంధించినదని మాత్రమే తలచియుంటిని. అధికము ధాన్యమునందే కాదు, ప్రేమయందును కలదని ఆ సంక్రాంతినాడు తెలిసికొంటిని. నా వాల్వు నా పాలు. రెండవది నా బిడ్డ పాలు. రాత్రివేళ నేను ఏరుకొనినది ఆమె పాలిటి బియ్యము.

పిలిచి నిజము చెప్పితిని. ఏడ్చినది, కోపించినది. తరువాత ఇంజను హెడ్డు తానే విప్పినది. ఈసారి చెమ్మ ఊరిన ప్రతిమారును చూపితిని. చేయి మాత్రము పెట్టలేదు. మూడు దినములు పట్టినది. కొత్తగా నాటిన యాసంగి వరిలో ఒక అంచు మడి ఎండిపోయినది. బీద సంసారమునకు అది స్వల్ప నష్టము కాదు. ఇంటిలో మాట పడితిని. అయినను నాలుగవనాడు నీరు పారినప్పుడు ఆమె ఎగిరి గంతులు వేయలేదు. నిలుచుండి ఇంజను చప్పుడు వినుచుండెను. తాను చేసిన పనిని వినునట్టి ఆ వినికిడి మునుపు ఆమెకు లేదు.

కొందరు ఆక్షేపింపవచ్చును: పంట నీటికై నడచు ఇంజనుతో, పెట్రోలు విశేషముగా త్రాగు విలాసపు కారునకు పోలికయా? నిజమే. పదిమంది మెచ్చుటకు కట్టిన కారు ఆశకు గుర్తేగాని కాయకము కాదు. ఆ డబ్బుతో ఆకలిగొన్నవాని కడుపు నింపవచ్చునను మాటయు త్రోసివేయదగినది కాదు. కాయకము వెంట దాసోహమును నిలిపిన బసవేశ్వరుని సంతతికి ఆ ప్రశ్న తప్పదు. కాని అందుకు సమాధానము కారులో లేదు, కట్టువారి నడవడిలో నున్నది. కానరాని బద్దను కానవచ్చు రంగుకంటె శ్రద్ధగా కూర్చిరా? నేర్చిన విద్యను పొరుగువాని ఇంజను ఆగినప్పుడు ఉచితముగా పంచిరా? తండ్రి తన పాలు తాను చేసి, బిడ్డ పాలు బిడ్డకు విడిచెనా? ఈ మూడును జరిగిన, ఆ షెడ్డునందును కాయకమున్నదని నేననుకొందును. జరగనిచో, మా బావికడ చేసిన పనియు కూలిపనియే.

మన పిల్లల లెక్కలు, వ్రాతలు, నోములు, కొలువులు, చివరకు పెండ్లి నిర్ణయములు గూడ నేడు మనమే రాత్రివేళ లేచి సరిదిద్దుచున్నాము. వారిపై ప్రేమచేతనే చేయుచున్నాము. ఒక మడి ఎండునను భయముచేతనే చేయుచున్నాము. ఎండిన మడి మరుపంటకు పచ్చబడును. బిడ్డ పాలిటి పనిని మనము ఏరుకొనిన, ఆమెకు అది మరల దొరకునను నమ్మకము లేదు. పేస్టు డబ్బా మూత తీయకముందే ఒక్కసారి లక్కమ్మను తలచుకొనుట మేలు.